పొరుగింటి ఉత్తరము – పరదేశపు దారి

నైరోబీ నగరములో ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు కార్యాలయములు ఉన్నవనుకొందము. ఒకటి ఒక ఇంటర్నెట్ సంస్థకు చందా కట్టినది. రెండవది వేరొక సంస్థకు కట్టినది. మొదటివారు ఎదుటివారికి కంప్యూటరుద్వారా ఒక ఉత్తరము పంపిరి. కాగితముమీద వ్రాసి నౌకరుచేత పంపినచో అది రెండు నిమిషములలో వీధి దాటును. 2000 సంవత్సరమున కెన్యాలో కంప్యూటరు ఉత్తరము ఏ దారిన పోయెడిది? ఆకాశమున కెగసి, ఉపగ్రహమును తాకి, ఐరోపాలోనో అమెరికాలోనో దిగి, అచ్చటి పెద్ద సంస్థల యంత్రములగుండా నడచి, మరల ఉపగ్రహముమీదుగా నైరోబీకి వచ్చి, అప్పుడు ఎదుటి గుమ్మము తట్టెడిది.

ఇట్లేల జరుగవలెను? ఇంటర్నెట్ అనునది ఒకే వల కాదు. వేరువేరు యజమానుల వలలు వేలకొలది ఒకదానితో ఒకటి ముడిపడగా ఏర్పడినది. చిన్న సంస్థ ప్రపంచమంతటితో సంబంధము కోరినచో, తనకంటె పెద్ద సంస్థకు పైకము చెల్లించి దాని వలలో చేరవలెను. దీనిని ట్రాన్సిట్ అందురు. కెన్యాలోని సంస్థలు ఈ విధముగా విదేశపు వలలతో ముడివేసికొన్నవి గాని, తమలో తాము ముడివేసికొనలేదు. రెండు వలలు కలిసెడి చోటు సముద్రమున కావల నున్నప్పుడు ఉత్తరము అక్కడికి పోక తప్పదు.

ఇందువలన ఎంత ఆలస్యము కలుగునో ఉన్నతపాఠశాల విద్యార్థియే లెక్క కట్టవచ్చును. ఇట్టి ఉపగ్రహములు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. రేడియో తరంగములు సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోవును. కనుక పైకి పోవుటకు 0.12 సెకను, దిగుటకు 0.12 సెకను పట్టును. విదేశమునకు పోవుట, తిరిగి వచ్చుట కలిసి 0.48 సెకను. ఎదుటి యంత్రము “అందినది” అని బదులు చెప్పవలెను గదా! ఆ బదులును అదే దారిన రావలెను. మొత్తము 0.96 సెకను. ఒక్క సెకనే గదా యని తోచవచ్చును. కాని తెరమీద ఒక పుట కనిపించుటకు ముందు యంత్రముల నడుమ ఇట్టి ప్రశ్నోత్తరములు అనేకము జరుగును.

ఆలస్యముకంటె రద్దీ పెద్ద బాధ. ఉపగ్రహపు దారి ఇరుకైనది, ఖరీదైనది. ఊరిలోని ఉత్తరము ఆ దారిని పోవునప్పుడొకమారు, వచ్చునప్పుడొకమారు ఆక్రమించును. రెండు సంస్థలును అద్దె కట్టుకొనును. నిజముగా విదేశమునకు పోవలసిన సమాచారము దాని వెనుక వరుసలో నిలుచును. వరుస నిండినచో తరువాత వచ్చిన వానిని యంత్రము పారవేయును. అవి అందలేదని పంపినవారి యంత్రము మరల పంపును.

దీనికి విరుగుడేమి? ప్రతి రెండు సంస్థల నడుమను ఒక తీగ వేయవచ్చును. ఐదు సంస్థలకు 10 తీగలు చాలును. 20 సంస్థలకు 190 కావలెను! అంతకంటె ఒక గదిలో స్విచ్ అను యంత్రము నుంచి, ప్రతివారును అచ్చటికి ఒక్కొక్క తీగ తెచ్చుకొనుట మేలు. అప్పుడు 20 సంస్థలకు 20 తీగలే. ఇట్టి గదియే ఇంటర్నెట్ వినిమయ కూడలి.

స్విచ్ కలుపుట మాత్రమే చేయును. దారి నిర్ణయించునవి ఆయా సంస్థల రూటర్లు. “ఈ చిరునామాలు నా వద్ద గలవు” అని ప్రతి రూటరు తక్కినవానికి ప్రకటించుచుండును. ఈ ప్రకటనల నియమావళికి బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్ అని పేరు. ఇందొక మెలిక గలదు. సంస్థ తన చందాదారుల చిరునామాలనే ప్రకటించును గాని, తాను పైకమిచ్చి కొన్న విదేశపు దారిని ప్రకటింపదు. ప్రకటించినచో పొరుగువాని బరువును తన ఖర్చుతో మోయవలసివచ్చును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటను పీరింగ్ అందురు. సాధారణముగా ఇందులో ఒకరికొకరు పైకము చెల్లించుకొనరు.

నైరోబీలో ఇట్టి కూడలి 2000 నవంబరులో ప్రారంభమైనది. రెండు వారములైనను గడవకముందే మూతపడినది! ఆ కాలమున దేశమునకు వెలుపలి సమాచారమును మోయు గుత్తహక్కు టెల్కామ్ కెన్యాది. కూడలి తన హక్కును భంగపరచుచున్నదని అది ఫిర్యాదు చేయగా, లైసెన్సు లేదను కారణమున ప్రభుత్వ నియంత్రణ సంఘము కూడలిని మూయించెను. ఈ గదిలో విదేశపు సమాచారమేదియు లేదనియు, ఊరిది ఊరిలోనే చేతులు మారుచున్నదనియు సంస్థలు వాదించినవి. వాదము సరియైనదే. అయితే టెల్కామ్ భయమును నిరాధారము కాదు: ఊరి ఉత్తరములు ఆకాశమార్గము తొక్కకున్నచో ఆ మార్గపు అద్దె తగ్గును గదా! దాదాపు ఒక సంవత్సరము వాదోపవాదములు జరిగిన పిమ్మట లైసెన్సు లభించెను. 2002 ఫిబ్రవరిలో ఐదు సంస్థలతో కూడలి మరల పనిచేయసాగినది. సెకను లెక్కలోనున్న ఆలస్యము సెకనులో కొద్ది వంతులకు దిగినది.

భారతదేశమునందును ఈ చిక్కు ఉండినదే. ఇచ్చట 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించినది. 1998లో ప్రైవేటు సంస్థలకును అనుమతి లభించెను. సంస్థలు పెరిగినకొలది, ఒకే నగరములోని ఇద్దరి నడుమ సమాచారము విదేశము చుట్టి వచ్చుట అధికమైనది. 2003లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజి ఆఫ్ ఇండియా ఏర్పడి మొదట ఢిల్లీ ప్రాంతము, ముంబాయి, చెన్నై, కలకత్తాలలో కూడళ్లను నెలకొల్పినది. హైదరాబాదు కూడలి తరువాత వచ్చినది.

కూడలి పెట్టినంతమాత్రమున రద్దీ అంతయు తొలగదు. చదువదలచిన పుటయే విదేశములోనున్న యంత్రములో దాచబడియున్నచో ఊరి కూడలి ఏమి చేయగలదు? అందుచేతనే పెద్ద సంస్థలు ఎక్కువమంది కోరెడి చిత్రముల, పుటల నకళ్లను కూడళ్ల దాపున నున్న యంత్రములలో ఉంచుచున్నవి. ఇక అందరి తీగలును ఒకే గదికి చేరుటవలన మరియొక ప్రమాదము గలదు. అచ్చట విద్యుత్తు పోయినచో ఊరి ఉత్తరములన్నియు మరల దూరపు దారి పట్టవలసినదే. కెన్యావారు మొంబాసా రేవుపట్టణమునందును ఒక కూడలి నేర్పరచుకొనిరి.