మూడోవంతు ధరకు వచ్చే బెంజ్ కారు

కొత్తగా నలభై లక్షలు పలికిన కారు ఎనిమిది తొమ్మిదేళ్లు గడిచేసరికి అందులో సుమారు మూడోవంతుకు లభిస్తుంది. ఆ సొమ్ముతో మామూలు కంపెనీ కొత్త కారు ఒకటి ఇంటికి తెచ్చుకోవచ్చు. లేదా మూడు కిరణాల నక్షత్రం గల బెంజ్‌నో, నాలుగు వలయాల ఆడీనో, బీఎండబ్ల్యూనో పాతది తెచ్చుకోవచ్చు. గల్ఫ్‌లో పదేళ్లు చెమటోడ్చి తిరిగి వచ్చిన యువకుని ముందు ఈ రెండు దారులూ నిలిచినప్పుడు అతని మనసు ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. అట్టివారి తండ్రులు మా వద్దకు వచ్చి, “మౌలానా సాబ్, అబ్బాయికి మీరైనా చెప్పండి” అంటుంటారు. పాఠం చెప్పుకునే మాకు కార్లతో ఏమి సంబంధమని పాఠకులు అడగవచ్చు. మా విద్యార్థుల తండ్రులలో మెకానిక్కులు, డెంటింగ్, పెయింటింగ్ పనివారు చాలామంది ఉన్నారు. పాత కారు కొనబోయే బంధుమిత్రులను వారి షెడ్లకు వెంటబెట్టుకొని వెళ్లడం మాకు అలవాటైపోయింది. అక్కడ కన్నదీ, విన్నదీ, ఆ తర్వాత కాగితాల్లో సరిచూసుకున్నదీ ఇక్కడ వివరిస్తున్నాము.

కొనవద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. ధర్మసమ్మతమైన సంపాదనతో మంచి వాహనం అమర్చుకోవడంలో తప్పేమీ లేదు. అయితే పెళ్లికొడుకు తరఫువారు కోరారని కొంటున్న కారైతే మాత్రం, ఇంజిన్ పరీక్షించే ముందు ఆ సంబంధాన్నే పరీక్షించుకోవాలని మా అభిప్రాయం. ఆ విషయం వేరే వ్యాసానికి వదిలివేద్దాం.

మన మార్కెట్లో ఈ తరగతి పాత కార్లు ప్రధానంగా మూడు కనిపిస్తాయి. 2012లో మన దేశానికి వచ్చిన తరం బీఎండబ్ల్యూ 3 సిరీస్, 2014లో వచ్చిన ఆడీ ఏ3 సెడాన్, అదే సంవత్సరాంతంలో వచ్చిన బెంజ్ సి-క్లాస్. ఈ మూడింటిని చెన్నై, ఔరంగాబాద్, పుణె సమీపంలోని చకన్ కర్మాగారాలలో బిగించారు. కనుక విడిభాగాలు దొరకవన్న భయం అవసరం లేదు. దొరుకుతాయి. దొరికే ధర ఎంత అన్నదే ప్రశ్న.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతున్నారు. కాలం గడిచేకొద్దీ కారు ధర తగ్గింది గాని, దాని విడిభాగాల ధర తగ్గలేదు. హెడ్‌లైట్, షాక్ అబ్జార్బర్, గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ నేటికీ నలభై లక్షల కారుకు తగిన ధరకే వస్తాయి. పన్నెండు లక్షలకు కారు కొన్నవాడు పన్నెండు లక్షల కారుకయ్యే ఖర్చుకు సిద్ధపడి ఉంటాడు. బిల్లు మాత్రం నలభై లక్షల కారుకు వస్తుంది. అందువల్ల చేతిలో పదిహేను లక్షలుంటే పన్నెండుకు మించి కారు చూడవద్దని మా సలహా. మిగిలిన మూడు లక్షలు పేరు మార్పిడికి, బీమాకు, ఇంజిన్ ఆయిల్ మొదలు గేర్ ఆయిల్ వరకు అన్ని ద్రవాల మార్పిడికి, నాలుగు టైర్లకు, మొదటి ఏడాది మరమ్మతులకు ఉంచుకోవాలి. ఆ మూడు లక్షలు ఖర్చు కాకపోతే అల్‌హందులిల్లాహ్. కాని ఖర్చు కాదనే నమ్మకంతో కారు కొనరాదు. పాత కారు అప్పుపై సాధారణంగా కొత్త కారు అప్పుకన్నా వడ్డీ రేటు ఎక్కువ. వడ్డీ ధర్మసమ్మతం కాదన్న సంగతి పాఠకులకు తెలిసిందే. లౌకిక లెక్కలో చూసినా, ఏటేటా విలువ కోల్పోయే వస్తువు కోసం వడ్డీకి అప్పు చేయడం రెండింతల నష్టం.

సొమ్ము సంగతి తేలిన తర్వాత, కారు కంటే ముందు కాగితాలు చూడాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఆర్‌సీ చెల్లుబాటు, బీమా గడువు, ఎన్నో యజమాని, ఫైనాన్స్ ఉందా అన్న వివరాలు వస్తాయి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని అమ్మేవారు నోటితో చెప్పడం చాలదు. బ్యాంకు ఇచ్చే ఫారం 35, దానితో పాటు నిరభ్యంతర పత్రం చేతికి వచ్చిన తర్వాతనే సొమ్ము ముట్టజెప్పాలి. పాత చలాన్లు కూడా నంబరుతో చూసుకోవచ్చు. ఒక కారుపై చలాన్లు పదుల సంఖ్యలో ఉండి, అన్నీ అతివేగానివే అయితే, దానిని ఎట్లా నడిపారో వేరే సాక్ష్యం అక్కరలేదు.

బీమా పత్రంలో చాలామంది పట్టించుకోని ఒక అంకె ఉంటుంది. అది నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా మొదటి ఏడాది గడిస్తే 20 శాతం, ఆపైన 25, 35, 45, ఐదేళ్లు గడిస్తే 50 శాతం తగ్గింపు ఇస్తారు. ఒకే యజమాని చేతిలో ఏడేళ్లున్న కారు పాలసీపై ఆ అంకె సున్నా అని ఉంటే, క్రితం ఏడాది ఏదో జరిగిందన్నమాట. ఏమి జరిగిందో అడగాలి. జవాబు చెప్పడానికి తడబడితే లేచి రావాలి. ఈ బోనస్ యజమానికి చెందేదే గాని కారుకు చెందేది కాదు కనుక, కొన్నవారికి అది సంక్రమించదు. దాన్ని కలుపుకొని ప్రీమియం తక్కువని చెప్పే మాటలకు లొంగరాదు.

ఇతర రాష్ట్రాల కార్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ పరిసరాలలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అప్పటి నుంచి అక్కడి డీజిల్ కార్లు చౌకగా దక్షిణాదికి తరలివస్తున్నాయి. కారు చౌకగానే వస్తుంది. కాని ఒక రాష్ట్రపు కారును మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు ఆ రాష్ట్రపు ఫారం 28 నిరభ్యంతర పత్రం కావాలి. ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. ఆ పన్నును మీరు కొన్న ధరను బట్టి గాక, కారు అసలు ధరనూ వయసునూ బట్టి లెక్కిస్తారు. ఆ మొత్తం ఎంతో ఆర్‌టీఏ కార్యాలయంలో కనుక్కొని, దానిని కారు ధరకు కలిపి చూస్తే, ఢిల్లీ కారు హైదరాబాద్ కారుకన్నా చౌకగా ఉన్నదీ లేనిదీ తేలుతుంది. మేము చూసినంతలో తరచూ ఆ తేడా కరిగిపోతుంది.

ఇక కారును స్వయంగా పరీక్షించే ఘట్టం. పగటి వెలుగులో, వాన లేనప్పుడు, ఇంజిన్ చల్లగా ఉన్న వేళ చూడాలి. మీరు వచ్చేసరికే ఇంజిన్ వేడెక్కి ఉంటే, చల్లని ఇంజిన్ చేసే శబ్దాన్ని మీకు వినిపించకూడదని ఎవరో అనుకున్నారని అనుమానించవచ్చు. తొలి కార్లలోని బీఎండబ్ల్యూ 320డి డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ వెనుక భాగాన, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఆ వైపు నుంచి గరగరమనే రాపిడి శబ్దం వస్తే చైన్ అరిగిందని అర్థం. దానిని మార్చాలంటే గేర్‌బాక్స్‌నో, ఇంజిన్‌నో కిందికి దించక తప్పదు. చైన్ తెగిందా, ఇంజిన్ మీద ఆశ వదులుకోవలసిందే.

ఆడీ ఏ3 పెట్రోలు కారులో చూడవలసింది గేర్‌బాక్స్. అది ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్. నూనెలో మునిగి ఉండని పొడి క్లచ్ రకం. హైవేలో అద్భుతంగా నడుస్తుంది. మెహిదీపట్నం ట్రాఫిక్‌లో అడుగడుగునా ఆగుతూ కదిలినప్పుడు దాని అసలు స్వభావం బయటపడుతుంది. కనుక టెస్ట్ డ్రైవ్‌ను ఔటర్ రింగు రోడ్డుపై కాకుండా రద్దీలో, ఎత్తుపల్లాల్లో, కనీసం అరగంట చేయాలి. మొదటి గేరు నుంచి రెండవ గేరుకు మారేటప్పుడు కారు కుదిపినా, రివర్స్ వేసిన తర్వాత ఆలోచించుకొని కదిలినా ఆ కారును వదలివేయడమే మేలు. పోల్చి చూస్తే బెంజ్ సి-క్లాస్, బీఎండబ్ల్యూలలోని టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సులు మన రద్దీని ఎక్కువగా తట్టుకుంటాయి. కుటుంబం కోసమైతే మా మొగ్గు సి-క్లాస్ వైపే.

డీజిల్ కార్లలో పొగమసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. దూర ప్రయాణంలో ఆ మసి తనంతట తాను కాలిపోతుంది. రోజూ బడికీ బజారుకీ నాలుగు కిలోమీటర్లు తిప్పే కారులో అది కాలదు. పేరుకుపోయి ఫిల్టర్ మూసుకుపోతుంది. పిల్లలను దింపి రావడానికి మాత్రమే కారు కావాలనుకునే ఇంటికి డీజిల్ తగదు, అది ఎంత చౌకగా వచ్చినా సరే.

కిలోమీటర్ల మీటరును నమ్మవద్దు. నలభై వేలు చూపించే కారులో బ్రేకు పెడల్ రబ్బరు నునుపుగా అరిగి, స్టీరింగ్ తోలు మెరుగెక్కి, డ్రైవర్ సీటు అంచు నలిగి ఉంటే మీటరు ఒకటి చెబుతున్నది, కారు మరొకటి చెబుతున్నది. ఈ కంపెనీల కార్లలో తిరిగిన దూరం మీటరులోనే గాక ఇతర కంట్రోల్ యూనిట్లలోనూ నమోదై ఉంటుంది. సరైన స్కానర్ ఉన్న వర్క్‌షాపులో దానిని చదివించవచ్చు. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు కూడా చూడండి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. కిటికీ అద్దాల మూలల్లోని ముద్రలు కూడా ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఒక తలుపు అద్దం మాత్రం వేరే సంవత్సరానిదైతే, ఆ వైపు దెబ్బ తగిలిందేమో పరిశీలించాలి. పెయింటు మందం కొలిచే చిన్న యంత్రం డెంటింగ్ షాపుల్లో ఉంటుంది. కంపెనీ పెయింటు సాధారణంగా నూరు, నూటయాభై మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. మూడు వందలు దాటిన చోట కింద లప్పం ఉన్నట్లే.

ఎయిర్‌బ్యాగ్ దీపం గురించి మరీ మరీ చెబుతున్నాము. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో ఆ దీపం వెలిగి, కొన్ని క్షణాలకు ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే సంగతి ఇంకా తీవ్రమైనది: ప్రమాదంలో పేలిన ఎయిర్‌బ్యాగ్‌ను మార్చక, ఖర్చు తప్పించుకోవడానికి దీపాన్నే తొలగించి ఉండవచ్చు. ఆ సీటులో మీ ఇల్లాలు కూర్చుంటుంది. ఈ ఒక్క విషయంలో ధర తగ్గింపుతో సరిపెట్టుకోవద్దు.

2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగిన సంగతి మనకు తెలుసు. అట్లా మునిగిన కార్లలో బీమా సంస్థలు పూర్తి నష్టంగా తేల్చినవి వేలంలో అమ్ముడై, శుభ్రపడి, మళ్లీ మార్కెట్లోకి రాగలవు. ఈ తరగతి కార్లలో కంట్రోల్ యూనిట్లు కొన్ని సీట్ల కింద, తివాచీ కింద ఉంటాయి. నీరు తగిలిన తీగ వెంటనే చెడదు, ఏడాది తర్వాత ఒక్కొక్కటిగా మొరాయిస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. కారు మొత్తం కడిగినవాడు బెల్టు లోపలి చుట్టను కడగడు. అక్కడ బురద గీత ఉంటుంది. సీటు బోల్టులకు తుప్పు, స్పేర్ టైరు గుంటలో ఒండ్రు, ఏసీ వేయగానే ముక్క వాసన కనిపిస్తే మరో మాట లేదు.

ఇంతగా చూడడం దేనికి, మోసం జరిగితే అడగవచ్చు కదా అని కొందరంటారు. ఫిఖహ్‌లో దానికి ‘ఖియారె ఐబ్’ అనే హక్కు ఉన్న మాట నిజమే. దాచిన లోపం బయటపడితే వస్తువును తిరిగి ఇచ్చి సొమ్ము పొందవచ్చు. లోపం తెలిసి చెప్పకుండా అమ్మడం పాపం కూడా. అయితే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం, అన్ని లోపాలకూ తనకు బాధ్యత లేదని అమ్మేవారు ముందే షరతు పెట్టి, కొనేవారు అంగీకరిస్తే ఆ హక్కు వదులుకున్నట్లే. “ఉన్నది ఉన్నట్లే అమ్ముతున్నాను” అని ఒప్పంద పత్రంలో ఒక చిన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. సంతకం చేసే ముందు అది ఉన్నదేమో చదవాలి. ఉంటే తీసివేయమనాలి, లేదా ఆ షరతుకు తగినట్లు ధర తగ్గించమనాలి.

బేరం కుదిరిన తర్వాత ఫారం 29, ఫారం 30లపై ఇద్దరి సంతకాలు అయ్యేటట్లు చూసుకోవాలి. తేదీ లేని ఖాళీ ఫారాలు పుచ్చుకొని ఊరకుండరాదు. కొన్న పద్నాలుగు రోజులలో బీమా సంస్థకు తెలియజేయాలి. లేకుంటే మీ కారుకు జరిగిన నష్టానికి పరిహారం అందడం కష్టం. ఐదేళ్లు దాటిన కారు బీమా విలువను పరస్పర అంగీకారంతో నిర్ణయిస్తారు కనుక, ప్రీమియం తగ్గుతుందని ఆ విలువను మరీ తక్కువ వేయించుకోవద్దు. జీరో డిప్రిసియేషన్ రక్షణ అంత పాత కారుకు దొరకకపోవచ్చు, ముందే అడగండి.

అమ్మే సోదరులకూ ఒక మాట. పేరు మారేవరకు చట్టం దృష్టిలో ఆర్‌సీలో ఉన్న పేరుగలవారే యజమాని. ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు 2018లో ఈ సంగతిని మళ్లీ స్పష్టం చేసింది. కనుక తాళాలు చేతులు మారే రోజున తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాసిన డెలివరీ పత్రం రెండు ప్రతులు సిద్ధం చేయండి. మీటరులోని కిలోమీటర్ల అంకె, ఇచ్చిన తాళాల సంఖ్య కూడా అందులో రాయండి. ఈ కార్ల రెండవ తాళం చేయించాలంటే ఖర్చు చిన్నది కాదు. తాళం ఒక్కటే ఇస్తున్నారంటే, ఆ సొమ్ము ధరలోంచి అప్పుడే తగ్గించుకోవాలి.