ఉప్పు నేలలో పైరు మోసే భారం

మన ఉద్యోగుల కుటుంబాలలో చాలామందికి స్వగ్రామంలో ఎంతో కొంత సేద్యం ఉన్నది. తీర ప్రాంతాల వారికి పాలచౌడు సుపరిచితమే. వేసవిలో నేలపై తెల్లని ఉప్పు తేలుతుంది. వరి నాటితే బ్రతుకుతుంది, పచ్చగానూ కనబడుతుంది. కోతనాటికి మాత్రం తాలు గింజలు మిగులుతాయి. ఎండిపోని పైరు ఎందుకు పండలేదు? ఈ ప్రశ్నకు సమాధానం మొక్క జీవక్రియలో లభిస్తుంది. ఇంటి ఆదాయ వ్యయాల లెక్క తెలిసిన వారికి ఇది సులభంగా బోధపడుతుంది.

ఆదాయానికి గండి

వేరు కణాలలోని రసం నేలలోని నీటికంటె చిక్కగా ఉన్నంతవరకే నీరు వేరులోనికి ప్రవేశిస్తుంది. నేలలో ఉప్పు పెరిగితే ఈ వ్యత్యాసం తగ్గి, పొలంలో నీరు నిలిచి ఉన్నా మొక్కకు దాహం తీరదు. అప్పుడు అబ్సిసిక్ ఆమ్లమనే హార్మోను ప్రభావంతో ఆకుల పత్రరంధ్రాలు ముడుచుకుంటాయి. నీటి నష్టం తగ్గుతుంది. కాని బొగ్గుపులుసు వాయువు రాక కూడ తగ్గి, పిండిపదార్థాల తయారీ మందగిస్తుంది.

పెరిగే ఖర్చు

రోజులు గడిచేకొద్దీ సోడియం ఆకులలో చేరుతుంది. అది పొటాషియంను పోలి ఉంటుంది గనుక దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. కాని దాని పని చేయలేదు. పొటాషియం అవసరమైన ఎంజైములు యాభైకి పైగా ఉన్నాయి. అందువల్ల మొక్క సోడియంను వేరునుండి బయటకు నెడుతుంది. మిగిలినదానిని కణంలోని రిక్తికలో బంధిస్తుంది. ఈ రెండింటికీ శక్తి కావాలి. ఆ శక్తి చక్కెరలను ఖర్చు చేస్తేనే లభిస్తుంది. రిక్తికలోని ఉప్పుకు సమతూకంగా కణద్రవ్యంలో ప్రోలిన్ వంటి పదార్థాలను తయారుచేయాలి. బార్లీ, పాలకూర గ్లైసిన్ బీటైన్‌ను కూడ తయారుచేసుకుంటాయి. వరికి ఆ సామర్థ్యం దాదాపు లేదు.

ఇంత ఖర్చు పోగా గింజకు మిగిలేది స్వల్పం. నేల లవణ సాంద్రతను తెలిపే విద్యుద్వాహకత మీటరుకు 3 డెసీసైమన్లు దాటితే, ఆపై ప్రతి యూనిటుకు వరి దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుందని అంచనా. బార్లీ 8 వరకు తట్టుకుంటుంది.

తట్టుకునే రకాలు

కేరళ తీరంలోని పొక్కాలి వరి తరతరాలుగా ఉప్పునేలల్లో పండుతున్నది. నోనా బొక్రా అనే మరొక దేశవాళీ రకంలో, ఆకులకు పోయే సోడియంను దారిలోనే వెనక్కు తీసే జన్యువును శాస్త్రజ్ఞులు 2005లో గుర్తించారు. కర్నాల్‌లో 1969లో నెలకొన్న కేంద్ర లవణ నేలల పరిశోధనా సంస్థ సి.ఎస్.ఆర్. వరుసలో పలు వరి రకాలను రూపొందించింది.

మనం చేయదగినవి

వరి మొలకెత్తేటప్పుడు, పిలకలు వేసేటప్పుడు ఉప్పును కొంత తట్టుకుంటుంది. లేత నారు దశలోను, పూత దశలోను తట్టుకోలేదు. కనుక చౌడు నేలలో ముదురు నారు నాటడం, కుదురుకు ఒకటి రెండు మొక్కలు ఎక్కువ వేయడం, పూత సమయానికి మంచినీరు అందించడం మేలు. పాలచౌడులో మంచినీరు నిలగట్టి, ఉప్పును కరిగించి మురుగు కాలువల ద్వారా బయటకు పంపాలి. జిప్సం కావలసినది కారుచౌడుకు. పాలచౌడులో చల్లితే డబ్బు వృథా. ముందుగా మట్టి పరీక్ష చేయిస్తే ఏది ఏ చౌడో తేలుతుంది.

ఉప్పుతో పోరాడే శక్తి పైరుకు ఉన్నది. ఆ పోరాటానికయ్యే ఖర్చును మనం ఎంత తగ్గించగలిగితే, గాదెలోకి అన్ని గింజలు ఎక్కువగా చేరుతాయి.