మృగశిరకు ముందే ట్రాక్టరు సిద్ధము కావలెను

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. ఆ యెండకు మన రేగడి చేలు నెఱ్ఱెలు విచ్చి, వానకొఱకు ఎదురు చూచుచుండును. పూర్వము ఈ దినములలో రైతులు ఎద్దులను నీడపట్టున కట్టి, తవుడును చిట్టును పెట్టి, తొలకరి దుక్కికి బలము కూర్చెడివారు. అరకకు కొత్త కర్రు వేయించి, గొర్రును వడ్లవాని యింటికి పంపి బాగుచేయించుకొనెడివారు. నేడు పెక్కు యిండ్ల ముందర ఎద్దులకు మారుగా ట్రాక్టరు నిలిచియున్నది. కాని ఎద్దునకు చేసిన యుపచారమును ట్రాక్టరునకు చేయువారు కొలదిమందియే. యంత్రమునకు ఆకలి లేదు గదా, అడిగినప్పుడు నడచునని తలచుచున్నారు. ఈ తలంపు ఎంత నష్టము తెచ్చునో, దానిని తప్పించుకొనుటెట్లో సభ్యులకు తెలుపుటకే ఈ వ్యాసము.

పదును నిలుచునది మూడు దినములు

పెద్దకొడప్‌గల్ 2016వ సంవత్సరమున కామారెడ్డి జిల్లాతోపాటు ఏర్పడిన మండలము. అంతకుముందు నిజామాబాదు జిల్లాలోనిది. 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువల క్రింద బాన్సువాడ, బోధను వైపు వరి పండించువారికి నీరు కాలువనుండి వచ్చును. మెట్ట రేగడిని నమ్ముకొన్న మనవారికి వానయే కాలువ. సోయాబీను, కంది, పెసర, మినుము, ప్రత్తి మున్నగు పునాస పైరులన్నియు తొలకరి పదును మీదనే ఆధారపడియున్నవి.

రేగడి గుణము సభ్యులెఱిగినదే. ఎండినప్పుడు రాయి, తడిసినప్పుడు జిగురు. ఈ రెంటి నడుమ నాగలికి లొంగు పదును రెండు మూడు దినములకు మించి నిలువదు. ఆ లోపల మరల వాన కురిసినచో చేలోనికి దిగుట కాదు. కురియకున్న పైపొర యారిపోవును. ఇట్టి బరువు నేలలలో 60 మొదలు 75 మిల్లీమీటర్ల వాన కురిసి నేల లోతుగా తడిసిన పిమ్మటనే విత్తుట మంచిదని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కావున మొదటి చినుకునకే తొందరపడరాదు. పదును వచ్చిన దినమున జాగు చేయరాదు.

ఇచట చిన్న లెక్క వేసి చూతము. విత్తు గొర్రు కట్టిన ట్రాక్టరు, మలుపులును విత్తనము నింపు కాలమును పోగా, గంటకు ఎకరమున్నర విత్తునని యనుకొందము. పది గంటలకు పదునైదెకరములు. మూడు దినముల పదునులో నలుబదియైదెకరములు. ఆ మూడింటిలో నొక దినము యంత్రము నిలిచిపోయినచో పదునైదెకరములు విత్తుబడక నిలిచిపోవును. మూడేసి యెకరముల రైతులు ఐదుగురి సంవత్సరపు ఆశ యది.

మేము చూచిన సంగతి నొకదానిని చెప్పెదము. ఒక వానకాలమున తొలి పదును నాటి యుదయమున ఒక ట్రాక్టరు చేలోనికి దిగినది. నాలుగు సాళ్లు తిరుగకముందే ఇంజను వేడెక్కి ఆవిరి క్రక్కినది. చూడగా రేడియేటరు రేకుల సందులలో గతసంవత్సరము నూర్పిడినాటి సోయా పొట్టు దట్టముగా పట్టియున్నది. ఫాను బెల్టు తెగియున్నది. పొట్టు కడుగుట గంటసేపటి పని. కాని బెల్టు కొఱకు పట్టణమునకు పోయి వచ్చునప్పటికి ప్రొద్దు క్రుంకినది. ఆ రాత్రియే పెద్దవాన కురిసినది. ఆ చేనిలో విత్తనము పడుటకు మరి రెండు వారములు పట్టినది. యంత్రపు యజమానికి పోయినది ఒకనాటి కిరాయి. చేను గల చిన్నరైతునకు పోయినది అదను. ఈ భేదమును సభ్యులు గమనింపవలెను. ట్రాక్టరును సిద్ధపరచుట యజమాని సొంత పనిగా కనబడినను, దాని ఫలము అతనిని నమ్మి వరుసలో నిలిచిన వారందరిది.

దుమ్మే మొదటి శత్రువు

1959లో ఫరీదాబాదునందు ఐషరు కంపెనీవారు మన దేశముననే ట్రాక్టర్లు తయారుచేయ నారంభించిరి. నాటినుండి యంత్రములలో మార్పులెన్నియో వచ్చినవి గాని, ఇంజనునకు దుమ్ము చేయు చెఱుపు మాత్రము మారలేదు. ఇంజను గాలిని పీల్చును. ఆ గాలితో మన్ను లోపలికి పోయినచో రింగులను, లైనర్లను ఆకురాయివలె అరగదీయును. పొగ హెచ్చును, చమురు తగ్గును, బలము క్షీణించును.

దీనికి కాపలాదారు ఎయిర్ క్లీనరు. చమురు తొట్టి గలదైనచో దానిని విప్పి, అడుగున పేరుకొన్న బురద చమురును పారబోసి, తొట్టిని డీజిలుతో కడిగి, గుర్తు వఱకు మంచి యింజను చమురు పోయవలెను. గుర్తుకు మించి పోయరాదు. కాగితపు జల్లెడ గలదైనచో మెల్లగా తట్టి, లోపలి ప్రక్కనుండి వెలుపలికి తక్కువ ఒత్తిడితో గాలి పట్టవలెను. చినిగిన జల్లెడను అతుకరాదు, మార్చవలెను. క్లీనరునుండి యింజనునకు పోవు రబ్బరు గొట్టము పగిలినను, బిగింపు వదులైనను, క్లీనరు ఎంత శుభ్రముగా నున్నను ప్రయోజనము లేదు.

చమురు, డీజిలు, నీరు

ఇంజను చమురును సమతలముపై బండి నిలిపి, ఇంజను ఆపి కొంతసేపైన పిమ్మట చూడవలెను. కంపెనీ పుస్తకములో చెప్పిన గంటలు నిండినచో మార్చవలెను. నిండకున్నను, నెలల తరబడి నిలిచిన చమురుతో విత్తు పనిలోనికి దిగుట మంచిది కాదు. ఇంజను కొంచెము వేడిగా నున్నప్పుడు వదలినచో మురికి కూడ దిగిపోవును. చమురుతోపాటు ఫిల్టరును మార్చవలెను. గేరుపెట్టె, హైడ్రాలిక్కు చమురుల మట్టము చూచి, గ్రీజు పోయు చోట్లను మొదట గుడ్డతో తుడిచి పిదప గ్రీజు పట్టించవలెను. తుడువక పట్టించినచో గ్రీజుతో మన్నును లోపలికి నెట్టినట్లగును.

వేసవిలో సగము ఖాళీగా నిలిచిన డీజిలు టాంకీలో రాత్రి చల్లదనమునకు నీటిబొట్లు చేరును. అడుగునున్న నీటిని, మడ్డిని వదలివేయవలెను. పనిదినములలో సాయంకాలమే టాంకీ నింపుట మేలు. ఫిల్టరు మార్చిన పిమ్మట గొట్టములలో చిక్కిన గాలిని తీయవలెను. గాలి తీయు మరను వదులు చేసి, చేతిపంపును కొట్టుచు, బుడగలు లేని డీజిలు వచ్చువఱకు ఆగి మరను బిగింపవలెను. ఈ చిన్న పని తెలియని డ్రైవరు చేలో గంటల తరబడి సెల్ఫు కొట్టి బ్యాటరీని చంపుకొనును. డీజిలు పంపును, నాజిళ్లను మాత్రము ఇంటివద్ద విప్పరాదు. అవి తెలిసిన మిస్త్రీ పని.

రేడియేటరు పొట్టును ఫాను వైపునుండి వెలుపలికి నీటితో గాని గాలితో గాని తోయవలెను. వేడిగా నున్నప్పుడు మూత విప్పరాదు. ఆవిరి ముఖము మీదికి చిమ్మును. ఫాను బెల్టును నడుమ బొటనవ్రేలితో నొక్కినచో సుమారు అర అంగుళము దిగవలెను. పగుళ్లున్న బెల్టును ఇప్పుడే మార్చి, మరియొక క్రొత్త బెల్టును బండిలో నుంచుకొనవలెను. ఇది లేకయే పైని చెప్పిన చేను రెండు వారములు వెనుకబడినది.

బ్యాటరీ, చక్రములు, బ్రేకులు

నీరు పోయు బ్యాటరీలో పలకలు మునుగునట్లు బట్టీనీరు మాత్రమే పోయవలెను. కొనలకు పట్టిన తెల్లని పొడిని వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, ఆరబెట్టి, వాసెలిను పూయవలెను. దగ్గఱ బీడీ వెలిగించుట ప్రమాదము. తీగెలు విప్పునప్పుడు మొదట రుణపు కొనను, బిగించునప్పుడు కడపట దానిని బిగింపవలెను.

వెనుక చక్రములలో గాలి చేలో తక్కువ, ట్రాలీ కట్టి బాట మీద పోవునప్పుడు ఎక్కువ ఉండవలెను. కొలత కంపెనీ పుస్తకములో నుండును. చేలో గాలి హెచ్చుగా నున్నచో చక్రము జాఱి డీజిలు వృథయగును, నేల గట్టిపడును. క్లచ్చు తొక్కుడు చూచుకొని, రెండు బ్రేకులు సమముగా పట్టునట్లు సరిచేయించుకొనవలెను. చేలో మలుపులకు బ్రేకులను విడివిడిగా తొక్కుదురు. బాట యెక్కగానే రెండు పెడళ్లను కొక్కెముతో కలుపవలెను. కలుపని బ్రేకుతో వడిగా పోవుచు ఒక్కటి తొక్కినచో బండి ప్రక్కకు తిరిగి బోర్లపడును. పిట్లం మీదుగా పోవు పెద్దబాటపై రాత్రి నడుపువారు ట్రాలీ వెనుక ఎఱ్ఱ దీపము గాని మెఱుపు రేకులు గాని లేకుండ కదలరాదు.

పనిముట్లు, విత్తు గొర్రు

ట్రాక్టరు ఎంత బలముగలదైనను నేలను దున్నునది కర్రే. కల్టివేటరు కర్రులలో ఒక కొన అరిగినవానిని తిప్పి, రెండు కొనలు అరిగినవానిని మార్చి వేయవలెను. రోటావేటరు కత్తుల నట్లను ఒక్కొక్కటిగా బిగింపవలెను. పదును పట్టకముందు, నేల జిగురుగా నున్నప్పుడు, ట్రాక్టరును దింపినచో దాని బరువునకు క్రింది మన్ను అణగి గట్టిపొర ఏర్పడును. ఆ పొరను ఛేదించి వేరు దిగలేదు.

విత్తు గొర్రును చేలో గాక కళ్లములోనే పరీక్షింపవలెను. దాని విధము కష్టమైనది కాదు. సోయాకు అడుగున్నర ఎడముతో, అనగా నలుబదియైదు సెంటీమీటర్ల చొప్పున, ఐదు సాళ్లు వేయు గొర్రు వెడల్పు రెండుంబావు మీటర్లు. నేలచక్రపు చుట్టుకొలత ఒకటిన్నర మీటరైనచో, ఇరువది నాలుగు చుట్లకు ఎకరములో ఏబదవ వంతు విత్తినట్లగును. ఎకరమునకు ముప్పది కిలోలు వేయదలచినచో ఈ యిరువది నాలుగు చుట్లకు ఆఱువందల గ్రాములు పడవలెను. గొర్రును ఎత్తి నిలిపి, గొట్టముల క్రింద సంచులు కట్టి, చక్రమును చేతితో త్రిప్పి తూచి చూడుడు. ఎక్కువ తక్కువలున్నచో పలుపును సవరింపుడు. ఒక్కొక్క సంచిని వేఱుగా తూచినచో ఏ గొట్టము మూసుకొన్నదో కూడ తెలియును. సోయా గింజ పొర పలుచన. చిట్లిన గింజలు కనబడినచో గొర్రులోని పలుచక్రమును సరిచేయించుకొనవలెను. విత్తనము మూడు మొదలు ఐదు సెంటీమీటర్ల లోతున పడుట మేలు; మిక్కిలి లోతైనచో మొలక పైకి రాలేదు.

ప్రాణము కంటె పంట పెద్దది కాదు

పీటీఓ ఇరుసు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు తిరుగును. అనగా సెకనునకు తొమ్మిది చుట్లు. పంచె కొంగు గాని, చీర చెఱగు గాని, తువ్వాలు గాని దానికి చిక్కినచో చేయి వెనుకకు తీయు వ్యవధి యుండదు. ఇరుసు మీది కవచము పగిలినచో అది లేకుండ పని చేయింపకుడు. రోటావేటరులో చిక్కిన గడ్డిని తీయుటకు ముందు ఇంజను ఆపి, తాళపుచెవిని చేత పట్టుకొని దిగవలెను. బురద రెక్కలపై బిడ్డలను కూర్చుండబెట్టుకొని దున్నుట మనలో వేడుకగా నున్నది. అక్కడనుండి జాఱిన బిడ్డ పడునది వెనుక చక్రము క్రిందనే. ఈ వేడుకను మానిపింపవలెను.

సంఘము చేయవలసిన పని

ఇంతవఱకు చెప్పినది యంత్రము గలవారికి. యంత్రము లేని సభ్యులే మనలో అధికులు. పదును వచ్చిన నాడు కిరాయి ట్రాక్టరు మొదట పెద్ద చేలకు పోవుటయు, రెండెకరముల రైతు కడపట మిగులుటయు మన మెఱిగినదే. దీనికి సహకారమే మందు. మా సూచనలు మూడు.

మొదటిది: రోహిణి కార్తె దాటకముందే ఒక దినము నిర్ణయించి, గ్రామములోని ట్రాక్టర్లను, పనిముట్లను ఒక చోట చేర్చి, తెలిసిన మిస్త్రీ యొకనిని పిలిపించి అందరి యెదుట పరీక్ష చేయింపవలెను. ఒక్కని బండి లోపము చూచి పదిమంది నేర్చుకొందురు.

రెండవది: బెల్టులు, ఫిల్టర్లు, నట్లు, కర్రులు మున్నగు తఱచు పోవు సామానును సభ్యులు చందాతో కొని సంఘములో నిలువ చేసికొనవలెను. వాడినవాడు వెల చెల్లించి తిరిగి నింపును.

మూడవది: విత్తు వరుసను పలుకుబడిని బట్టి కాక నేలను బట్టి వ్రాయవలెను. వాన వెలిసిన పిమ్మట చెల్క నేలలును, నీరు జాఱు మెరక చేలును ముందుగా పదునుకు వచ్చును. లోతు రేగడియు పల్లపు చేలును తరువాత వచ్చును. ఈ క్రమమున ట్రాక్టరు నడచినచో యంత్రము ఒక గంటయు ఊరక నిలువదు, ఏ చేను పదునును పోగొట్టుకొనదు. చేలు పక్కపక్కన నున్నవారు ఒకే దినమున విత్తించుకొన్నచో రాకపోకల డీజిలు కూడ మిగులును. ఈ పట్టికను వాన రాకముందే వ్రాసి చావడి గోడకు అంటించినచో, పదును నాడు వాదములకు తావుండదు.

ఇందులో ధనముతో కూడిన పని స్వల్పము. శ్రద్ధతో కూడిన పని యధికము. జూను మొదటి వారము దాటగానే మృగశిర వచ్చును. మృగశిర కురిసిన ముంగిళ్లు చల్లబడునందురు. ముంగిలి చల్లబడిన నాడు బండి మొరాయింపకుండ చేలోనికి దిగవలెనన్న, ముంగిలి మండుచున్న ఈ నాడే రెంచీ చేతబట్టవలెను. సభ్యులు ఈ వారముననే తమ యంత్రములను విప్పి చూతురనియు, వరుస పట్టికలో కడపటి రైతు పేరు వఱకు విత్తనము పదునులోనే పడునట్లు చూతురనియు ఆశించుచున్నాము.