తొమ్మిది గింజలతో తర్కం

కరవు నేలలో బ్రతికే మనకు ఒక ప్రశ్న తప్పదు: ఇంకొక బోరు వేయించాలా, వద్దా? "ఫలానా వారికి కొబ్బరికాయతో చూస్తే నీళ్ళు పడ్డాయట" అన్న ఒక్క మాట మీద అప్పు తెచ్చి బోరు బండిని పిలిపించిన కుటుంబాలు మన అనంతపురం పల్లెల్లో ఎన్నో. విన్న మాటను తూచి చూడడం ఆటగా నేర్పే ఒక పాత పుస్తకాన్ని ఇక్కడ పరిచయం చేస్తున్నాము.

దాని పేరు 'ది గేమ్ ఆఫ్ లాజిక్', అంటే 'తర్కపు ఆట'. వ్రాసినవారు లూయిస్ కారల్. అది కలం పేరు. అసలు పేరు చార్లెస్ డాడ్‌సన్. 1832లో ఇంగ్లండులో ఒక పాదిరిగారి ఇంట జన్మించారు. ఆక్స్‌ఫర్డులో గణితం బోధించారు. 1861లో డీకనుగా అభిషిక్తులయ్యారు. 1865లో వెలువడిన 'ఆలిస్' కథ కూడా ఆయనదే.

1886లో ఈ పుస్తకం అచ్చయింది గాని, ఆ అచ్చుపని ఆయనకు నచ్చలేదు. తిరిగి అచ్చు వేయించి 1887లో మాక్మిలన్ కంపెనీ ద్వారా విడుదల చేశారు. పుస్తకంతో పాటు ఒక కవరు ఇచ్చేవారు. అందులో గళ్ళు గీసిన అట్ట, నాలుగు ఎర్ర బిళ్ళలు, ఐదు బూడిదరంగు బిళ్ళలు ఉండేవి. ఆడుకునే బిళ్ళలు ఊరకే పోతాయి గనుక, అన్నీ కలిసి ఉన్న పాత ప్రతి నేడు అపురూపం.

ఆట ఎలా ఆడాలి?

ఆ పాత ప్రతి మనకు దొరకకపోయినా నష్టం లేదు. ఇంటి బండల మీద సుద్దముక్కతో ఒక చదరం గీసి, నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీయండి. నాలుగు గళ్ళు వస్తాయి. ఎర్ర బిళ్ళలకు బదులు శెనక్కాయ విత్తనాలు, బూడిద బిళ్ళలకు బదులు చింతగింజలు తీసుకోండి. గడిలో శెనక్కాయ విత్తనం పెడితే 'ఇందులో ఏదో ఉంది' అని అర్థం. చింతగింజ పెడితే 'ఇందులో ఏమీ లేదు' అని అర్థం. ఏదీ పెట్టకపోతే 'దీని సంగతి మనకు తెలియదు' అని అర్థం. ఆట ప్రాణమంతా ఈ మూడవ మాటలోనే ఉంది.

ఇప్పుడు మన ఊరి బోర్లను తీసుకుందాం. పై రెండు గళ్ళు కొబ్బరికాయతో చూసి వేసిన బోర్లకు, క్రింది రెండు గళ్ళు చూడకుండా వేసిన వాటికి. ఎడమవైపు నీళ్ళు పడినవి, కుడివైపు పడనివి. "ఫలానా వారికి పడ్డాయి" అన్న మాటకు పై ఎడమ గడిలో ఒక శెనక్కాయ విత్తనం పెట్టవచ్చు. అంతే. "కొబ్బరికాయతో చూస్తే తప్పక పడతాయి" అనాలంటే పై కుడి గడిలో చింతగింజ పెట్టగలగాలి. దానిని ఎవరు పెట్టారు? ఆ గడి ఖాళీగానే ఉంది. తెలియని దానిని లేనిదిగా లెక్కించుకోవడమే మన పొరపాటు. ఎండిపోయిన బోరును గురించి ఎవరూ రచ్చబండ మీద గొప్పగా చెప్పుకోరు గదా!

మన నేల క్రింద గట్టి నల్లరాయి. నీరు పైనున్న మెత్తబడిన పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ మాత్రమే నిలుస్తుంది. అందుచేత ఒక చేనులో నీళ్ళు పడి, గట్టు అవతల చేనులో దుమ్ము లేవడం మామూలే. కనుక బోరు బండిని పిలిచే ముందు, చుట్టుప్రక్కల ఎన్ని బోర్లు వేశారో, వాటిలో ఎన్ని ఎండాయో ఇంటింటికీ వెళ్ళి అడగండి. చూడకుండా వేసిన బోర్ల సంగతి కూడా అడగండి. నాలుగు గళ్ళూ నింపిన తరువాతే అప్పు మాట ఎత్తండి.

పుస్తకంలో ఎనిమిది గళ్ళ పెద్ద పటం కూడా ఉంది. రెండు మాటలను కలిపి మూడవదాన్ని రాబట్టడం అది నేర్పుతుంది. నాలుగు గళ్ళు అలవాటైన పిల్లలకు అదీ కష్టం కాదు.

తల్లిదండ్రులారా, రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు పిల్లలతో కూర్చుని ఈ గళ్ళు గీయండి. ఆ రోజు విన్న ఒక మాటను గింజలతో పరీక్షించండి. "అందరూ" అన్న చోట "కొందరు" అని దిద్దగలిగిన బిడ్డను ఎవరూ సులువుగా మోసగించలేరు.