1990 నాటి తాళం తీయగలరా?

ఈసీఈ, సీఎస్‌ఈ విద్యార్థులు చాలామంది మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌ను లైట్ తీసుకుంటారు. 8085 కిట్ మీద రెండు సంఖ్యలు కూడి, రికార్డు మీద సంతకం పెట్టించుకుంటే పనైపోయినట్టే. ఆ కొద్దిపాటి అసెంబ్లీ పరిజ్ఞానంతోనే ఓ మంచి ప్రాజెక్టు చేయొచ్చని ఎప్పుడైనా ఆలోచించారా? టేపు మీదో, ఫ్లాపీ మీదో ఉన్న పాత ప్రోగ్రామ్‌ను కార్ట్రిడ్జ్‌లోకి మార్చడం అలాంటిదే. కార్ట్రిడ్జ్ అంటే మరేం కాదు, ఒకప్పుడు మన ఇళ్లలో టీవీ గేములకు పెట్టి ఆడిన ‘క్యాసెట్’ లాంటిదే. అయితే దానికి తాళం ఉంటే? అసలు మజా అక్కడే.

బ్రిటన్ కంపెనీ ఆమ్‌స్ట్రాడ్ 1990లో 464 ప్లస్, 6128 ప్లస్ అనే హోమ్ కంప్యూటర్లను, జీఎక్స్4000 అనే గేమ్ కన్సోల్‌ను తెచ్చింది. మూడింటికీ ఒకే రకం కార్ట్రిడ్జ్. ఆ కంప్యూటర్లలో బేసిక్ కూడా లోపల ఉండదు, అదీ కార్ట్రిడ్జ్‌లోనే వస్తుంది. కాపీలు కొట్టకుండా ప్రతి కార్ట్రిడ్జ్‌లో ‘ఏసిడ్’ అనే చిన్న చిప్ పెట్టారు. ఆమ్‌స్ట్రాడ్ కార్ట్రిడ్జ్ ఐడెంటిఫికేషన్ డివైస్‌కు అది పొట్టిపేరు. యంత్రం నడుస్తున్నంతసేపూ ఈ చిప్ ఒక లెక్క ప్రకారం బిట్లు పంపుతుంది. యంత్రంలోని చిప్ కూడా అదే లెక్క వేసుకుని పోల్చి చూస్తుంది. సరిపోలకపోతే కార్ట్రిడ్జ్ సరిగ్గా పనిచేయదు.

జీఎక్స్4000 మార్కెట్లో నిలవలేదు. కార్ట్రిడ్జ్ మీద వచ్చిన వాణిజ్య ఆటలు ముప్పై లోపే. వాటిలో చాలా వరకు టేపు మీద చవగ్గా దొరికే పాత ఆటలే. కొనేవాళ్లకు ఎందుకు నచ్చుతాయి? కంపెనీ ఆ వ్యాపారం వదిలేసింది, తాళం మాత్రం మిగిలిపోయింది. తర్వాతి రోజుల్లో సొంత ప్రోగ్రామ్‌ను కార్ట్రిడ్జ్‌లో పెట్టాలనుకున్న ఔత్సాహికులు పాత కార్ట్రిడ్జ్‌ను విప్పి, ఏసిడ్ చిప్‌ను పీకి వాడుకోవాల్సి వచ్చింది. అంటే కొత్తది ఒకటి కావాలంటే పాతది ఒకటి పాడు చేయాలి! ఆ చిప్ సంకేతాలను ఓపిగ్గా గమనించి, దాని లెక్క కనిపెట్టి, ప్రోగ్రామ్ చేయగలిగే చిప్‌లతో అనుకరించాకే ఆ పరిస్థితి మారింది. తాళం వేసినవాడు వెళ్లిపోయాక కూడా కొన్నవాళ్లు బయటే నిలబడాల్సి రావడం నా దృష్టిలో సరైన డిజైన్ కాదు. ఇవాళ మన ప్రింటర్ ఇంకు కార్ట్రిడ్జ్‌లలో ఉండే చిప్‌లూ ఇదే దారి.

కాపీ పేస్ట్ కాదు

ఫైల్‌ను తీసి చిప్‌లో వేసేస్తే సరిపోతుందని అనుకోవద్దు. డిస్కు ఆట నడిచేటప్పటికే యంత్రంలో ఫర్మ్‌వేర్ సిద్ధంగా ఉంటుంది. స్క్రీన్, కీబోర్డు, డిస్కు.. అన్నీ అదే చూసుకుంటుంది. కార్ట్రిడ్జ్‌లో ఆ సౌకర్యం ఉండదు. పవర్ ఆన్ చేయగానే మొదట నడిచేది మీ కోడే. స్టాక్ ఎక్కడుండాలో చెప్పడం దగ్గర్నుంచి స్క్రీన్ చిప్‌ను సెట్ చేయడం దాకా అంతా మీరే చేసుకోవాలి.

కార్ట్రిడ్జ్‌లో గరిష్ఠంగా 512 కేబీ పడుతుంది. దాన్ని 16 కేబీ చొప్పున 32 పేజీలుగా చూస్తారు. పాత ఆటలు నడుస్తూనే తమ కోడ్‌ను తామే మార్చుకుంటాయి. రామ్‌లో అది కుదరదు కాబట్టి పేజీల్లోంచి ర్యామ్‌లోకి దించాకే నడపాలి. ఇక్కడో చక్కటి వెసులుబాటుంది. ఒకే చిరునామాలో పైన రామ్, కింద ర్యామ్ ఉంటే చదవడం రామ్ నుంచి జరుగుతుంది, రాయడం ర్యామ్‌లోకి వెళ్తుంది. జెడ్80 ప్రాసెసర్‌లోని ఎల్‌డీఐఆర్ అనే ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో బ్లాక్ మొత్తం దించేయొచ్చు. 8085 చదివినవాళ్లకు జెడ్80 కొత్తేమీ కాదు, రెండూ 8080 సంతానమే.

చిక్కులు తర్వాత వస్తాయి. ఇంటరప్ట్ హెక్స్ చిరునామా 0038కి దూకుతుంది. అక్కడ సరైన కోడ్ పెట్టకముందే ఇంటరప్ట్‌లను అనుమతిస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. రాత్రంతా కూర్చున్నా కారణం దొరకదు! ఆట మధ్యలో ‘తర్వాతి లెవెల్ లోడ్ చేయి’ అంటూ డిస్కును పిలిచే చోట్లన్నీ వెతికి, వాటి బదులు పేజీలోంచి తెచ్చే కోడ్ రాయాలి. జీఎక్స్4000కు కీబోర్డే లేదు. ‘స్పేస్‌బార్ నొక్కండి’ అనే ఆట అక్కడే ఆగిపోతుంది కదా, ఆ పని జాయ్‌ప్యాడ్ బటన్‌కు అప్పగించాలి. దానికి ర్యామ్ 64 కేబీ మాత్రమే, 128 కేబీ అడిగే ఆట అలాగే ఎక్కదు.

యంత్రం కొనక్కర్లేదు

ఆ యంత్రం మన దగ్గర దొరకడం కష్టమే. కంగారు వద్దు, విన్‌ఏప్ లాంటి ఎమ్యులేటర్ చాలు. అందులో డీబగ్గర్ కూడా ఉంటుంది. ర్యాజ్మ్ అనే అసెంబ్లర్ నేరుగా సీపీఆర్ అనే కార్ట్రిడ్జ్ ఫైల్ తయారు చేసిస్తుంది. ఈ ఫైల్‌లో ఏసిడ్ సమాచారం ఏదీ ఉండదు. కాబట్టి ఎమ్యులేటర్‌లో ఆడినంత మాత్రాన అసలు యంత్రంలోనూ నడుస్తుందని చెప్పేయకండి.

మరో మాట. కంపెనీ మూతపడినా, ఆట పాతదైనా కాపీరైట్ పోదు. మన కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52 చట్టబద్ధంగా పొందిన ప్రోగ్రామ్‌కు బ్యాకప్ కాపీ చేసుకోనిస్తుంది. ఉల్లంఘన ఉద్దేశంతో రక్షణ ఏర్పాటును ఛేదిస్తే మాత్రం 2012 సవరణతో వచ్చిన 65ఏ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. అందుకే మీరు సొంతంగా రాసిన చిన్న ఆటతోనో, రచయిత అనుమతి ఇచ్చినదానితోనో మొదలుపెట్టండి.

రెజ్యూమెలో ‘రెట్రో గేమింగ్ అంటే ఆసక్తి’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ‘64 కేబీ యంత్రానికి ఫర్మ్‌వేర్ లేకుండా బూట్ కోడ్ రాశాను, డిస్కు ప్రోగ్రామ్‌ను బ్యాంక్డ్ రామ్‌కు మార్చాను’ అని రాయండి. ఎంబెడెడ్ ఇంటర్వ్యూ అయితే ఇంటరప్ట్ గురించి ప్రశ్న తప్పకపోవచ్చు. ఆ నల్ల స్క్రీన్ కథ చెప్పడానికి సిద్ధంగా ఉండండి.