లోహపు నురుగు, నల్లరేగడి: రంధ్రాలున్న పదార్థం బరువుకు లొంగే తీరును కంప్యూటరుతో లెక్కించడం

పల్నాడు జిల్లా సత్తెనపల్లి పరిసరాలలో పత్తి, మిరప పండే నల్లరేగడి భూములపై సాగుకాలం పొడవునా ట్రాక్టరు తిరుగుతూనే ఉంటుంది. దుక్కికి, మందు పిచికారికి, చివరకు పత్తి బోరాలను, మిరప టిక్కీలను చేను దాటించడానికీ అదే ఆధారం. ఈ చక్రాల బరువు నేలలో ఎంత లోతుకు దిగుతుంది, అక్కడ ఏమి మార్పు తెస్తుంది అన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తలకు తరచు ఎదురయ్యేదే. నేల కూడా రంధ్రాలున్న ఒక పదార్థమే కనుక, అటువంటి మరొక పదార్థమైన లోహపు నురుగును కంప్యూటరులో ఎలా లెక్కిస్తారో తెలుసుకొంటే ఈ ప్రశ్న సులభంగా అర్థమవుతుంది.

కరిగిన అల్యూమినియంలో టైటానియం హైడ్రైడ్ పొడి కలిపితే హైడ్రోజన్ బుడగలు వెలువడి, లోహం గట్టిపడేసరికి చిన్న చిన్న గదులుగా నిలిచిపోతాయి. ఇటువంటి నురుగులో లోహం కన్న గాలే ఎక్కువ. దీనిని నెమ్మదిగా నొక్కితే మొదట కొద్దిగా లొంగి, వదిలితే తిరిగి లేస్తుంది. ఇంకా నొక్కితే అన్నింటికన్న బలహీనమైన గదుల వరుస ముందు కూలుతుంది, ఆపైన దాని పక్క వరుస. ఈ దశలో ప్రతిబలం అంతగా పెరగకుండానే నురుగు కుంచించుకుపోతుంది. గదులన్నీ మూసుకుపోయిన పిమ్మట ఒక్కసారిగా బిగుసుకుంటుంది. గదుల అంచులు వంగడం ద్వారా లొంగే నురుగులకు గిబ్సన్, ఆష్‌బీ అనే శాస్త్రజ్ఞులు ఒక సూత్రం ఇచ్చారు: బిగువు సాపేక్ష సాంద్రత వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే పదోవంతు లోహమున్న నురుగు బిగువు ఘనలోహపు బిగువులో సుమారు నూరోవంతు మాత్రమే.

అయితే ఇది సగటుకు సంబంధించిన సూత్రం. ఒకే సాంద్రత గల రెండు నురుగు ముక్కలు ఒకే విధంగా కూలవు. బలహీనమైన వరుస ఎక్కడ ఉన్నదన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అందుకే ఎక్స్-రే టోమోగ్రఫీతో లోపలి గదులను చిత్రించి, వాటి గోడలను వేల చిన్న మూలకాలుగా విభజించి లెక్కిస్తారు. పెద్ద వస్తువుకు ఇంత సూక్ష్మంగా లెక్కించడం అసాధ్యం. అప్పుడు నురుగును అఖండ పదార్థంగా భావించి, అది ఎప్పుడు శాశ్వతంగా లొంగుతుందో చెప్పే ఒక నియమాన్ని వాడతారు. ఘనమైన ఉక్కును అన్ని వైపుల నుంచి సమానంగా నొక్కితే శాశ్వతంగా లొంగదు, నురుగు లొంగుతుంది. ఈ తేడాను 2000లో దేశ్‌పాండే, ఫ్లెక్ ఒక దీర్ఘవృత్తంగా చూపారు. బంకమట్టికి ఇటువంటి దీర్ఘవృత్తాన్నే రాస్కో, బర్లాండ్ 1968లో ప్రతిపాదించి ఉన్నారు, అదీ అదే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో. ఈ విషయంలో మట్టిదే పెద్దరికం! భేదమల్లా, నురుగు దీర్ఘవృత్తానికి కేంద్రం సున్నా వద్ద ఉంటుంది. అది నొక్కుడును, లాగుడును ఒకే తీరున తట్టుకొంటుంది. మట్టి దీర్ఘవృత్తం సున్నా వద్దనే మొదలవుతుంది. లాగుడుకు మట్టి దాదాపు నిలవదు. వేసవిలో రేగడి నెర్రెలు విచ్చడం మనకు తెలిసిన నిదర్శనం.

ఇక చక్రం సంగతి. బరువు కింద ప్రతిబలం లోతుకు వ్యాపించే తీరును బూసినెస్క్ 1885లో లెక్కించగా, ఫ్రోలిక్ 1934లో దానికి ఒక సాంద్రీకరణ గుణకాన్ని చేర్చాడు. 1953లో జోనే దీనిని ట్రాక్టరు చక్రాలకు అన్వయించి, గట్టి పొడి నేలకు 4, మెత్తని తడి నేలకు 6 చొప్పున గుణకం తీసుకొన్నాడు. ఒక చక్రంపై 10, మరొక చక్రంపై 20 కిలోన్యూటన్ల బరువు ఉన్నదనుకొందాం. రెండింటి కింద నేలను తాకే ఒత్తిడి 100 కిలోపాస్కళ్లే. రెండవది రెట్టింపు వెడల్పు జాగాను తాకుతుంది. పొడి నేలలో 10 సెం.మీ. లోతున ప్రతిబలం వరుసగా 94, 98 కిలోపాస్కళ్లు, తేడా నామమాత్రం. 40 సెం.మీ. లోతున అది 30, 49. అంటే పైపొరకు టైరు ఒత్తిడి ముఖ్యం, లోపొరకు మొత్తం బరువు ముఖ్యం. వెడల్పు టైరు వేశాము కనుక ఎంత బరువైనా ఫరవాలేదన్న మాట పైపొర వరకే నిజం. తడి నేలలో అదే 40 సెం.మీ. లోతున 42, 63కు చేరుతుంది. పదును దాటిన తడిలో తేలిక చక్రం కూడా పొడి నేలపై బరువైన చక్రం దరిదాపులకు వస్తున్నదన్న మాట.

నేల నొక్కుకుపోతే ఏమవుతుంది? స్థూల సాంద్రత ఘనసెంటీమీటరుకు 1.3 నుంచి 1.6 గ్రాములకు పెరిగితే రంధ్రాల వాటా సుమారు 51 నుంచి 40 శాతానికి తగ్గుతుంది. ఈ అంకెలు చిన్నవిగా కనిపించినా, ముందుగా మూసుకొనేవి పెద్ద రంధ్రాలే. గొట్టంలో నీటి ప్రవాహం వ్యాసార్ధపు నాలుగవ ఘాతాన్ని బట్టి ఉంటుంది కనుక రంధ్రం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. పైన నీరు నిలిచి మిరప వేరు ఊపిరాడక కుళ్లడానికి ఇది ఒక కారణం. పత్తి తల్లివేరు విషయంలో 1963లో టేలర్, గార్డ్‌నర్ చేసిన ప్రయోగాలు ప్రసిద్ధం: వేరును అడ్డుకొనేది సాంద్రత కన్న నేల బిగువు అని వారు చూపారు. కోన్ పెనెట్రోమీటరు 2 మెగాపాస్కళ్లు దాటితే వేరు చొరబడడం బాగా కష్టమవుతుందని సాధారణంగా లెక్క.

నురుగు నమూనాను రేగడికి యథాతథంగా అన్వయించడం మాత్రం తగదు. లోహపు గోడలు నీటికి ఉబ్బవు. మాంట్‌మోరిల్లోనైట్ బంకమన్ను ఉబ్బుతుంది, ఎండి ముడుచుకొంటుంది. ఒకే మడిలో తేమ మారితే చాలు, ఏ చక్రమూ తిరగకుండానే స్థూల సాంద్రత మారుతుంది. తేమ శాతం రాయకుండా సాంద్రతను మాత్రమే నమోదు చేసిన పట్టిక నమూనాకు అక్కరకు రాదు. పెనెట్రోమీటరు అంకెలకూ ఇదే వర్తిస్తుంది. విద్యార్థులు ప్రధానంగా పాటించవలసిన జాగ్రత్త ఇది. నెర్రెలు విచ్చడం వలన నొక్కుడు కొంత సర్దుకొంటుందన్నది వాస్తవమే గాని, కాలువ నీరు అందే చేలలో లోపొర అంతగా ఎండదు కనుక ఆ మేలు అక్కడ తక్కువ.

లోతు దుక్కి విషయంలో నమూనా మరొక సంగతి చెబుతుంది. నేల తాను అంతకుముందు మోసిన గరిష్ఠ భారాన్ని గుర్తుంచుకొంటుంది. ఆ మేరకు దీర్ఘవృత్తం పెద్దదవుతుంది. సబ్‌సాయిలరుతో గట్టిపొరను పగలగొడితే ఆ జ్ఞాపకం చెరిగి, దీర్ఘవృత్తం చిన్నదవుతుంది. వదులైన ఆ నేల మునుపటి కన్న తక్కువ భారానికే లొంగుతుంది. వేసవిలో ఎండిన నేలను చీల్చి, ఆ తరువాత తడిలో నిండు ట్రక్కును చేలోకి దింపితే పెట్టిన డీజిలు ఖర్చు వృథా అవుతుంది. కనుక లోతు దుక్కిని సిఫారసు చేసేటప్పుడే ట్రక్కును గట్టున నిలపాలని, అది వీలుకాకపోతే ఏటా ఒకే దారిన నడపాలని కూడా రైతుకు చెప్పవలసి ఉంటుంది.