చేతి నేర్పు, తలలోని సాధన



నల్లగొండ సీమలోని పోచంపల్లియందు ఒకనాడు నేను గుంటమగ్గము చెంత కూర్చుంటిని. నేతగాడు నాతో మాటలాడుచునే నేయుచుండెను. ప్రక్కనున్న అతని కుమారుడు తానును నేయబోగా పోగులు తెగినవి. ‘నీ చేతికింకను తెలియలేదురా’ అని తండ్రి నవ్వెను. చేతికి తెలియుట యననేమి? ఈ పూట దానిని గూర్చి మనవి చేసెదను.

చేతి నేర్పు నిజముగా మెదడులో నున్నది. 1870లో ఫ్రిట్ష్, హిట్సిగ్ అను జర్మను వైద్యులు కుక్క మెదడుపై నొకచోట స్వల్పముగా విద్యుత్తును తాకింపగా, దాని ఎదుటి ప్రక్క కాలు కదలెను. అవయవములను కదల్చు తావులు మెదడులో వేరువేరుగా కలవని దానివలన తేటపడెను. పదిమంది నడువగా చేనిగట్టున బాట పడినట్లు, ఒకే పనిని మరల మరల చేయగా మెదడులోను బాట గట్టిపడును.

తలపు మాత్రముచే ఈ బాట పడునా? కొంతవరకు పడును. 1995లో పాస్కువల్-లియోనె అను వైద్యుడును ఆయన తోడివారును తమ పరిశోధనను ప్రకటించిరి. పియానోపై అయిదు వ్రేళ్ల పాఠమును దినమునకు రెండుగంటల చొప్పున అయిదు దినములు కొందరు వాయించిరి. కొందరు వ్రేళ్లు కదపక మనసున వాయించిరి. అయిదవనాటికి తలచినవారు, వాయించినవారి మూడవనాటి స్థితి నందుకొనిరి. పిమ్మట రెండుగంటలు చేతితో సాధన చేయగనే వారితో సమానులైరి.

ఇక విద్యుత్తు మాట. తడిపిన స్పంజులను తలపై నుంచి, ఆంపియరులో వేయవ వంతు ప్రవాహమును పంపినచో, మెదడులోని కదలికల తావు చురుకగుననియు, ప్రవాహపు దిక్కు మార్చినచో మందగించుననియు 2000లో జర్మనీలో నిట్షె, పౌలుసు అనువారు చూపిరి. 2009లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో, అయిదు దినముల చేతి సాధనతో పాటు ఈ ప్రవాహమును పొందినవారు, పరికరమును పేరునకు మాత్రము ధరించినవారికంటె ఎక్కువ నేర్చిరి. మూడునెలల పిదపను ఆ తేడా నిలిచెను. మనసులోని సాధనకు ప్రవాహమును జోడించి, ఎడమచేతి వ్రాతను మెరుగుపరచుటకు బ్రెజిలు దేశీయులును యత్నించి కొంత ఫలమును గనిరి. అయితే తరువాతి పరిశోధనలలో అందరికిని ఒకే విధమైన మేలు కలుగలేదు.

ఇందొక సంగతి గమనింపుడు. ప్రవాహము సాధనకు తోడు మాత్రమే. సాధన లేనిచో అది ఏ పనిని నేర్పదు. మన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారి తల్లి, చీరకు సుమారు 9,000 సారులు చేయి త్రిప్పి ఆసు పోయుచు భుజములనొప్పితో బాధపడెడిది. 1999లో ఆయన అందులకు యంత్రమును నిర్మించెను. 2017లో పద్మశ్రీ బిరుదము పొందెను. ఆ యంత్రము భుజముల శ్రమను తీసివేసెను. పడుగుపేకలు కలియుచోట రంగు తప్పకుండ చూచు నేర్పు మాత్రము నేటికిని నేతగాడు తానుగా సంపాదింపవలసినదే.

మన యిండ్లలో పక్షవాతముచే చేయి పడిపోయినవారు కలరు. వారికి ఈ విషయము ముఖ్యము. మూతి వంకరపోయినను, చేయి జారినను, మాట తడబడినను వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను. నెత్తురుగడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే ఈయవలసియుండును. ప్రాణము కుదుటపడిన పిదప, వైద్యుని సలహాపై, ఆ బలహీనమైన చేతితోనే గ్లాసు పట్టించుడు, బొత్తాము పెట్టించుడు. చేయి కదలనపుడు కదలుచున్నట్లు తలచుకొనుమనుడు. తలకు విద్యుత్తు పెట్టి నయము చేసెదమని ఎవరైన బేరమాడవచ్చినచో నమ్మకుడు. ఇంటిలో బ్యాటరీతో తలపై ప్రయోగము చేయవలదు, చర్మము కాలవచ్చును. మూర్ఛరోగము గలవారికిని, తలలో లోహము గలవారికిని మరింత అపాయము.

పోచంపల్లి పిల్లవానిని మరల చూచినపుడు కొంత బట్ట నేసియుండెను. పోగులు తెగుట తగ్గినది. రాత్రి పండుకొని నాడె విసరుటను తలచుకొనెదనని వాడు చెప్పెను. గద్వాలలోను, నారాయణపేటలోను మగ్గమెక్కు పిల్లలకు ఈ మాట చెప్పుడు. పోగు తెగినదని మాత్రము కసరకుడు.